క్లుప్త కౌన్సెలింగ్: హైదరాబాద్ పాతబస్తీ యువత, మద్యపానం

మద్యానికి ఇంకా బానిస కాలేదు, అయినా ఒంటికీ ఇంటికీ హాని జరిగేంతగా తాగుతున్నాడు. అలాంటి మనిషితో ఆరోగ్య కార్యకర్త ఒక పద్ధతి ప్రకారం మాట్లాడి, తాగుడు తగ్గించుకునేలా లేదా మానుకునేలా చేయడాన్ని క్లుప్త కౌన్సెలింగ్ అంటారు. వైద్యులు దీన్ని బ్రీఫ్ ఇంటర్వెన్షన్ అని పిలుస్తారు. ఐదు నిమిషాల నుంచి ముప్పావు గంట వరకు పడుతుంది. ఒక్కసారితో అయిపోవచ్చు, మూడు నాలుగు సార్లు కలవాల్సి రావచ్చు. మందులు అక్కర్లేదు, ఆస్పత్రిలో చేరనక్కర్లేదు. తాగుడు అలవాటుగా స్థిరపడేది యవ్వనంలోనే కాబట్టి ఈ పద్ధతి వల్ల ఎక్కువ లాభం పొందగలిగినవాళ్లు 15 నుంచి 29 ఏళ్ల లోపువాళ్లే. మెదడు ఎదుగుదల పాతికేళ్ల వరకు సాగుతుంది. ఆ లోపు మొదలైన తాగుడు ఎక్కువ కాలం నిలుస్తుంది, ఎక్కువ నష్టం చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో మద్యం వల్ల 26 లక్షల మంది చనిపోయారు. అందులో 20 నుంచి 39 ఏళ్ల మధ్యవారి వాటా వాళ్ల వయసుకు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ.

పుట్టుక

1970ల దాకా తాగుడు చికిత్స అంటే నెలల తరబడి ఆస్పత్రి అన్నమాట. 1977లో లండన్‌లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ బృందం పెళ్లయిన 100 మంది తాగుబోతులను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు అప్పట్లో దొరికే పూర్తి చికిత్స ఇచ్చారు. రెండో జట్టులో భార్యాభర్తలను కూర్చోబెట్టి ఒకసారి సలహా చెప్పి పంపారు. ఏడాది తర్వాత చూస్తే రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పూర్తి చికిత్స దండగ అని దీని అర్థం కాదు. ఒక్క మాటకు కూడా బలం ఉందని వైద్యలోకం మొదటిసారి గట్టిగా గమనించింది.

1980లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో పరిశోధన చేయించి ‘ఆడిట్’ అనే పది ప్రశ్నల పట్టిక తయారు చేయించింది. ఎంత తరచుగా తాగుతారు, ఒక కూర్చుడులో ఎంత తాగుతారు, తాగి చేసిన పని మర్నాడు గుర్తుండకపోవడం జరిగిందా, ఎవరైనా గాయపడ్డారా అని అడుగుతారు. మార్కులు 40కి వేస్తారు. 8 నుంచి 15 వరకు వస్తే సలహా, 16 నుంచి 19 వరకు వస్తే క్లుప్త కౌన్సెలింగూ ఆ తర్వాత పలకరింపూ, 20 లేదా అంతకు మించి వస్తే నిపుణుల దగ్గరికి పంపడం. మొదటి మూడు ప్రశ్నలే అడిగే పొట్టి రూపం ‘ఆడిట్-సి’. ఓపీ రద్దీలో అదే నయం. మద్యంతో పాటు గంజాయి, మత్తుబిళ్లలు, పీల్చే పదార్థాలు కూడా అడగాలంటే ‘అసిస్ట్’ అనే ఎనిమిది ప్రశ్నల పట్టిక ఉంది. ఇరవై ఒక్క ఏళ్ల లోపు పిల్లల కోసం బోస్టన్‌లో తయారైన ఆరు ప్రశ్నల ‘క్రాఫ్ట్’ తాగి నడిపే బండి ఎక్కావా అన్న ప్రశ్నతోనే మొదలవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత పలు దేశాల్లో జరిపించిన ప్రయోగంలో తేలిన సంగతి పాతబస్తీ లాంటి రద్దీ ప్రాంతానికి బాగా పనికొస్తుంది. మగవాళ్ల విషయంలో ఐదు నిమిషాల సలహా ఇరవై నిమిషాల కౌన్సెలింగ్‌తో సమానంగా పనిచేసింది. ‘టైం లేదు’ అనే మాటకు ఇదే జవాబు.

మాట్లాడే తీరును అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విలియం మిల్లర్ 1983లో వివరించాడు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని విస్తరించాడు. వాదించకూడదు, భయపెట్టకూడదు, బోధించకూడదు. తాగేవాడి మనసులో మానాలనీ ఉంటుంది, మానొద్దనీ ఉంటుంది. మానాలన్న మాట అతని నోటి నుంచే వచ్చేలా ప్రశ్నలు వేయాలి. మనం ఎంత గట్టిగా మానమంటే అతను అంత గట్టిగా తాగుడును సమర్థించుకుంటాడు. కొడుకుతో గొడవపడిన ఏ తల్లినడిగినా ఈ సంగతి చెప్తుంది.

పాతబస్తీ

మూసీకి దక్షిణాన, 1591లో కట్టిన చార్మినార్ చుట్టూ పెరిగిన పాతబస్తీలో యువకుడి తాగుడు రెండు రకాలుగా కనుమరుగవుతుంది. ముస్లిం కుటుంబాల్లో మద్యం హరామ్. తాగే కుర్రాడు ఉన్నా ఆ మాట గడప దాటదు. నిఖా సంబంధాలు చెడతాయని అక్కాచెల్లెళ్ల కోసమైనా దాస్తారు. లాల్‌దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ, అలియాబాద్ వైపు హిందూ కుటుంబాల్లో ఆషాఢ బోనాలకు అమ్మవారికి కల్లు సాక పోయడం ఆచారం. పండగనాడు మగపిల్లలు తాగితే పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఒక ఇంట్లో సిగ్గు, ఇంకో ఇంట్లో చనువు. రెండిళ్ల పిల్లవాడూ డాక్టరు ముందుకు వచ్చేది కాలు విరిగినప్పుడో కాలేయం చెడినప్పుడో.

మద్యం ఈ నగరానికి కొత్త కాదు. నిజాం ప్రభుత్వ ప్రధాన ఆదాయ వనరుల్లో ఆబ్కారీ ఒకటి. సేంధీ అని పిలిచే ఈత కల్లు, గుల్మొహా అనే ఇప్పపూల సారా ఆనాడు జనం తాగినవి. పురానాపూల్ దగ్గరి ధూల్‌పేట గుడుంబాకు పేరుపడింది. ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన లోధా కుటుంబాలు వినాయక విగ్రహాలు, రాఖీలు, పతంగులు చేస్తూ, పని లేని నెలల్లో సారా కాచేవారు. తెలంగాణ ఏర్పడ్డాక ఎక్సైజ్ శాఖ దాడులు పెంచింది, కాచడం మానినవాళ్లకు ఉపాధి పథకం పెట్టింది. గుడుంబా బాగా తగ్గింది. ఆ తర్వాత అదే పేట గంజాయి అమ్మకాలతో వార్తల్లోకి ఎక్కింది. సరఫరా ఒకవైపు మూస్తే కుర్రాళ్ల చేతికి ఇంకోటి అందుతుందనడానికి ఇది మన కళ్లముందే జరిగిన ఉదాహరణ.

హైదరాబాద్ కల్లు దుకాణాలను 2004లో మూసేశారు, 2014లో మళ్లీ తెరిచారు. చెట్టు కల్లు నగరానికి సరిపడా దొరకదు కాబట్టి క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు చాలాకాలంగా అమ్ముడవుతోంది. 2015లో కల్తీపై తనిఖీలు బిగించినప్పుడు రాష్ట్రమంతటా వందల మంది వణుకుతో, భ్రమలతో ఆస్పత్రులకు చేరారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ‘కల్లే కదా’ అనే కుర్రాడిని కౌన్సెలర్ ఇంకో ప్రశ్న అడగక తప్పదు: ఒకరోజు తాగకపోతే నిద్ర పడుతుందా?

మద్యంపై ఉద్యమాలకూ తెలుగునేల పెట్టింది పేరు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం వల్ల 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు. ఇవాళ తెలంగాణలో 2,620 ఏ4 మద్యం దుకాణాలున్నాయి. వీటినే జనం వైన్స్ అంటారు. 21 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదని చట్టం. వయసు అడిగే కౌంటరు అరుదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం మద్యం తాగుతారు. దేశ సగటు మగవాళ్లలో 18.8 శాతం, ఆడవాళ్లలో 1.3 శాతం. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లలో 23.3 శాతమే. తెలంగాణ సంఖ్య భయపెట్టేదే. అయితే అందులోనే కౌన్సెలర్‌కు పనికొచ్చే మాట ఒకటుంది: ఇంత తాగే రాష్ట్రంలో కూడా మగవాళ్లలో సగానికి పైగా తాగరు. కాలేజీ కుర్రాళ్లు తమ ఈడువాళ్లంతా తాగుతారని అనుకుంటారు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లట్ బృందం 1990లలో చేసిన పనికి ఇదే పునాది. మొదటి సంవత్సరం విద్యార్థికి అతని తాగుడు లెక్కనూ తోటివారి అసలు లెక్కనూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఒక్క ముఖాముఖితో తాగుడూ, దానివల్ల వచ్చే గొడవలూ తగ్గాయి.

క్వార్టర్ అంటే ఎంత

ఆడిట్ ప్రశ్నలు ‘ఎన్ని డ్రింకులు’ అని అడుగుతాయి. ఒక డ్రింకు అంటే 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. మన కుర్రాడు డ్రింకుల్లో లెక్కపెట్టడు. నైంటీ, క్వార్టర్, హాఫ్, ఫుల్ అంటాడు, బీరైతే సీసాలు చెప్తాడు. ఈ లెక్క మార్చడం రాని కౌన్సెలర్‌కు ‘ఒక్క క్వార్టరే’ అన్న జవాబు చిన్నదిగా వినిపిస్తుంది.

మన దేశంలో విస్కీ, బ్రాందీ, రమ్ములలో ఆల్కహాల్ 42.8 శాతం. 30 మిల్లీలీటర్ల పెగ్గులో దాదాపు 10 గ్రాములుంటుంది, అంటే ఒక డ్రింకు. నైంటీ మూడు డ్రింకులు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ ఆరు డ్రింకులు. ఒక కూర్చుడులో ఆరు తాగితే ఆడిట్ దాన్ని అతిగా తాగడం కింద లెక్కిస్తుంది. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు రెండున్నర డ్రింకులు. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరైతే నాలుగు. ‘నేను బీరే తాగుతా’ అనే కుర్రాడు రెండు స్ట్రాంగ్ సీసాలు తాగితే క్వార్టర్ దాటిపోయాడు.

బండి సంగతి ఇంకా ముఖ్యం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. 2019 సవరణ తర్వాత మొదటి నేరానికి పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అరవై కిలోల బరువున్న యువకుడు గబగబా ఒక క్వార్టర్ తాగితే ఆ సంఖ్య సుమారు 140కి చేరుతుంది. గంటకు ఇంచుమించు 15 చొప్పున తగ్గుతుంది. నిమ్మరసం, స్నానం, బిర్యానీ దాన్ని వేగిరపరచలేవు. రాత్రి పదకొండుకు ముగించి, తెల్లవారి ఐదింటికి ఆటో తీసే కుర్రాడి రక్తంలో ఇంకా పరిమితికి మించే ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలామందికి అది కొత్త సంగతి. తిట్టనక్కర్లేదు, లెక్క దానంతట అదే పనిచేస్తుంది.

గదిలో జరిగేది

ఈ కౌన్సెలింగ్‌కు ఆరు అంశాలుంటాయని మిల్లర్ బృందం చెప్పింది. అతని తాగుడు గురించి అతనికే లెక్క చెప్పడం, నిర్ణయం అతనిదేనని ఒప్పుకోవడం, స్పష్టంగా సలహా ఇవ్వడం, ఒకటికి మించి దారులు చూపడం, సానుభూతి, నువ్వు చేయగలవనే నమ్మకం కలిగించడం. పుస్తకంలో ఇవి వరుసగా ఉంటాయి, గదిలో కలగాపులగంగా వస్తాయి. బస్తీ దవాఖానాలో చేయి కోసుకుని వచ్చిన ఇరవై రెండేళ్ల మెకానిక్‌తో నర్సు మాట్లాడితే ఇలా ఉండవచ్చు. ఇది మచ్చుకు రాసింది:

“తమ్మీ, కట్టు కడుతున్న. నీకు ఇష్టమైతేనే ఒక మాట అడుగుత. మందు అలవాటున్నదా?”

“రోజు ఏం తాగనక్కా. శనివారం కూలి వస్తది కదా, దోస్తులతోని కూసుంటే క్వార్టర్. గంతే.”

“తాగినంక ఏం మంచిగనిపిస్తది?”

“వారమంత పని చేస్తం. జర రిలాక్స్ అయితది.”

“మంచిగ అనిపియ్యనిది ఏమన్న ఉన్నదా?”

“అమ్మ మాట్లాడదు. సోమవారం దాక పైసలుండయ్. గీ చెయ్యి గూడ అట్లనే తెగింది.”

“అంటే రిలాక్స్ అయితది గని, అమ్మ దూరమైతున్నది, పైసలు పోతున్నయ్, చెయ్యి తెగింది. క్వార్టర్ అంటే ఆరు పెగ్గులు తమ్మీ. ఒక్క రాత్రికి ఆరంటే ఒంటికి ఎక్కువ. మానితే మంచిదని నా సలహా. చేసేది నువ్వే. ఏం చేద్దామనుకుంటున్నవ్?”

“ఈ శనివారం పోకుండ ఉండి చూస్త.”

“పదిల ఎంత నమ్మకమున్నది?”

“ఆరు.”

“నాలుగు అనలే, ఆరన్నవ్. ఎందుకు?”

చివరి ప్రశ్నలోనే పద్ధతి అంతా ఉంది. ‘ఎందుకు పది కాదు’ అని అడిగితే అతను తన బలహీనతలు చెప్తాడు. ‘ఎందుకు నాలుగు కాదు’ అని అడిగితే తన బలం తానే చెప్పుకుంటాడు. ఆ తర్వాత దారులు వెతకాలి. కూలి చేతికి రాగానే సగం అమ్మకిచ్చేయడం, ఆ సాయంత్రం వైన్స్ ఉన్న దారి వదిలి ఇంకో దారిన రావడం, దోస్తులను ఇరానీ హోటల్‌లో చాయ్ దగ్గర కలవడం, తాగిన రోజు బండి తాళం ఇంట్లో వదిలేయడం. నాలుగు చెప్పి ఒకటి ఎంచుకోమనాలి. రెండు వారాల తర్వాత కట్టు విప్పడానికి వచ్చినప్పుడు మళ్లీ అడగాలి. ఆ రెండో పలకరింపు లేకపోతే మొదటిదాని ఫలితం పలచబడుతుంది.

పాతబస్తీలో భాష సంగతి కూడా చూసుకోవాలి. యాకుత్‌పురా, తలాబ్‌కట్ట, హుస్సేనీ ఆలం వైపు కుర్రాడితో దక్కనీ ఉర్దూలో మాట్లాడాలి, గాజుల కార్ఖానాల్లో పనిచేసే బిహారీ కుర్రాళ్లతో హిందీలో. పట్టికను ఉర్దూలోకి రాతపూర్వకంగా మార్చితే చాలదు, ఆ గల్లీ నోటిమాటలోకి రావాలి. ప్రశ్నకు ముందు తల్లిని, అన్నను బయట కూర్చోమనాలి. వాళ్లు గదిలో ఉంటే ముస్లిం ఇంటి పిల్లవాడి జవాబు ఎప్పుడూ ‘నక్కో, మై నై పీతా’ అనే ఉంటుంది.

ఎక్కడ జరగాలి

తాగే కుర్రాళ్లు డీ అడిక్షన్ కేంద్రానికి తమంతట తాము రారు. వాళ్లు ఎలాగూ వచ్చే చోట్ల ఈ మాట జరగాలి. పాతబస్తీకి అందుబాటులో అలాంటివి నాలుగైదు ఉన్నాయి.

మొదటిది గోషామహల్. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2011 నుంచి క్రమం తప్పకుండా డ్రంకన్ డ్రైవ్ తనిఖీలు చేస్తున్నారు. పట్టుబడినవారిని కోర్టుకు పంపే ముందు గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ కేంద్రాల్లో కుటుంబ సభ్యులతో సహా కౌన్సెలింగ్‌కు పిలుస్తారు. మన నగరంలో యువకుల తాగుడు గురించి ప్రభుత్వం తరఫున ఇంత పద్ధతిగా మాట్లాడే చోటు ఇంకోటి లేదంటే అతిశయోక్తి కాదు. తల్లినో భార్యనో పక్కన కూర్చోబెట్టడం మన కుటుంబాల తీరుకు సరిపోయే ఆలోచన. ఎడ్వర్డ్స్ ప్రయోగంలోనూ భార్యలు కూర్చున్నారు. కాకపోతే హాలునిండా మందిని కూర్చోబెట్టి ప్రమాదాల గురించి చెప్పడం పాఠం అవుతుంది, కౌన్సెలింగ్ కాదు. ఆ హాలు పక్కన ఒక చిన్న గది, అందులో ఆడిట్-సి అడిగి ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడే శిక్షణ పొందిన మనిషి ఉంటే, పట్టుబడ్డ ప్రతి యువకుడికీ ఈ పద్ధతి అందుతుంది. మొదట ఏకాంతంగా, తర్వాత కుటుంబంతో. ఈ వరుస తప్పకూడదు.

రెండోది ఎమర్జెన్సీ వార్డు. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా జనరల్ ఆస్పత్రికి పాతబస్తీ గాయాలన్నీ చేరతాయి. గాయపడిన మర్నాటి ఉదయం మనిషి వినే స్థితిలో ఉంటాడు. 1999లో అమెరికాలో అచ్చయిన రెండు పరిశోధనలు ఈ క్షణాన్ని పట్టుకున్నాయి. సియాటెల్ ట్రామా కేంద్రంలో జెంటిలెల్లో బృందం ఒక్కసారి మాట్లాడిన రోగులు ఏడాది తర్వాత బాగా తక్కువ తాగుతున్నారు. తాగుడు సమస్య ఒక మోస్తరుగా ఉన్నవాళ్లలో ఆ మార్పు ఎక్కువ కనిపించింది. రోడ్ ఐలండ్‌లో మాంటీ బృందం 18, 19 ఏళ్ల కుర్రాళ్లను తీసుకుంది. ఆరు నెలల తర్వాత కౌన్సెలింగ్ ఉన్నా లేకపోయినా రెండు జట్ల తాగుడు పరిమాణం దాదాపు ఒకేలా తగ్గింది. కాని కౌన్సెలింగ్ పొందినవాళ్లలో తాగి నడపడం, మద్యం వల్ల గాయపడటం తక్కువ. తాగుడు అంతగా తగ్గకపోయినా ప్రాణం నిలిచిందంటే ఆ ఇంటికి అది చిన్న సంగతి కాదు.

మూడోది బస్తీ దవాఖానా. 2018లో మొదలైన ఈ చిన్న కేంద్రాల్లో ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకుడు ఉంటారు. జ్వరానికీ దగ్గుకీ వచ్చే యువకుడిని రెండు ప్రశ్నలు అడగడానికి ఇంతకంటే దగ్గరి చోటు లేదు. అయితే ఇక్కడ వ్యవస్థలో పెద్ద కంత ఉంది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే బీపీ, షుగర్ ముప్పు పట్టికలో మద్యం ప్రశ్న ఉంది, కాని ఆ పట్టిక 30 ఏళ్లు దాటినవారికే. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో మత్తు పదార్థాల అంశం ఉంది, అది 10 నుంచి 19 ఏళ్లవారికి. తాగుడు మొదలై ముదిరే 20 నుంచి 29 ఏళ్ల వయసు ఈ రెండింటి మధ్య జారిపోతోంది. డబ్బు ఖర్చు లేకుండా, ఒక సర్క్యులర్‌తో పూడ్చగలిగిన కంత ఇది.

ఆశా కార్యకర్తతోనే ఈ పని చేయించాలనుకోవడం కూడా సరికాదు. ఆమె అదే గల్లీ మనిషి, కుర్రాడికి ఖాలానో పిన్నినో అవుతుంది. ఆమెతో చెప్పింది సాయంత్రానికి ఇంట్లో తెలుస్తుందని వాడి భయం. బయటి బస్తీ నుంచి వచ్చిన, అదే ఈడు మగ కౌన్సెలర్ అయితే నోరు విప్పుతాడు. ఆడపిల్లలకు ఆడమనిషే ఉండాలి. వాళ్ల సంఖ్య తక్కువైనా, బయటపడితే వాళ్లు పడే నష్టం మగపిల్లలతో పోలిస్తే ఎన్నో రెట్లు. నాలుగోది కాలేజీ. సిటీ కాలేజీ, హుస్సేనీ ఆలం మహిళా డిగ్రీ కాలేజీ లాంటి చోట్ల క్లాసులో బోర్డు మీద మత్తు నష్టాలు రాసే బదులు, పేరు అడగని ఒక గది తెరిచి ఉంచితే ఎక్కువ మేలు.

ఇక మతం ఇచ్చే అవకాశాలు. రంజాన్ నెలలో తాగే ముస్లిం యువకుల్లో చాలామంది మానేస్తారు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవాడు 41 రోజులు ముట్టడు. ‘నేను మానలేను’ అనే మనిషి ఏటా ఒకసారి మాని చూపిస్తున్నాడన్నమాట. ఆ నెలలో ఎలా ఉండగలిగావు, ఎవరు సాయపడ్డారు, ఈద్ తర్వాత లేదా మాల తీసిన తర్వాత మొదటి గ్లాసు ఎవరిచ్చారు అని అడిగితే అతని దారి అతనికే కనిపిస్తుంది. మసీదు ఇమాం, గురుస్వామి ఈ ప్రశ్నలు నేర్చుకుంటే బాగుంటుంది. శాపనార్థాలు వద్దు, ప్రశ్నలు చాలు.

ఫలితాలు, హద్దులు

ప్రపంచవ్యాప్త పరిశోధనలు ఒక్క గొంతుతో చెప్పడం లేదు. 2015లో టానర్ స్మిత్, లిప్సీ కౌమారులపై, యువకులపై జరిగిన 185 అధ్యయనాలను కలిపి చూశారు. తాగుడులోనూ దాని కష్టాల్లోనూ తగ్గుదల ఉంది, చిన్నదే అయినా కొన్నిచోట్ల ఏడాది వరకు నిలిచింది. 2016లో ఫాక్స్‌క్రాఫ్ట్ బృందం కాక్రేన్ సమీక్ష కోసం 84 ప్రయోగాలు పరిశీలించి, పాతికేళ్ల లోపువారిలో ప్రభావం ఆచరణలో లెక్కలోకి రానంత తక్కువ అంది. పెద్దల విషయంలో 2018 కాక్రేన్ సమీక్ష వారానికి సుమారు 20 గ్రాముల తగ్గుదల చూపింది, అంటే రెండు పెగ్గులు. యువకులపై అధ్యయనాల్లో ఎక్కువభాగం అమెరికా కాలేజీల్లో, అందరూ తాగే సమాజాల్లో జరిగాయి. వాటి కొలత పాతబస్తీకి ఉన్నదున్నట్టు సరిపోదు.

మనకు దగ్గరి సాక్ష్యం గోవాలో ఉంది. సంగత్ సంస్థలో అభిజిత్ నద్కర్ణి, విక్రమ్ పటేల్ బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఆడిట్ మార్కులు 12 నుంచి 19 ఉన్న 18–65 ఏళ్ల మగవాళ్లపై ప్రయోగం చేసి 2017లో లాన్సెట్‌లో ప్రచురించింది. కౌన్సెలర్లు మనోవైద్య డిగ్రీలు లేని మామూలు మనుషులు, శిక్షణ ఇచ్చి తయారు చేసినవారు. నాలుగు విడతలకు మించలేదు. మూడు నెలలకు కౌన్సెలింగ్ జట్టులో 36 శాతం, రెండో జట్టులో 26 శాతం ప్రమాదకర స్థాయి నుంచి బయటపడ్డారు. ముందరి రెండు వారాలు చుక్క ముట్టనివారు 42 శాతం, 18 శాతం. ఇంకా తాగుతున్నవారిలో మాత్రం రోజుకు తాగే పరిమాణంలో తేడా లేదు. ఏడాది తర్వాత కూడా లాభం నిలిచింది. తగ్గించుకోమనే పాశ్చాత్య సలహా కంటే పూర్తిగా మానడం మన మనుషులకు సులువని ఈ అంకెలు సూచిస్తున్నాయి. తాగకపోవడమే మర్యాద అయిన పాతబస్తీలో ఆ దారికి ఇంకా బలం ఉంటుందని నమ్మవచ్చు.

ఈ పద్ధతి ఎవరికి కాదో కూడా తెలియాలి. పొద్దున లేవగానే చేతులు వణికేవాడు, తాగకపోతే చెమటలు పట్టేవాడు, ఫిట్స్ వచ్చినవాడు మాటలతో బాగుపడడు. అలాంటివాణ్ణి ‘ఈ రోజే మానెయ్’ అని పంపితే రెండు మూడు రోజుల్లో మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. రంజాన్ మొదటి వారంలో, మాల వేసిన తొలి రోజుల్లో కుటుంబాలు ఈ లక్షణాలు గమనించాలి. కల్తీ కల్లు తాగేవారికి మత్తుబిళ్లల అలవాటు కూడా ఉంటుంది కాబట్టి వాళ్లకు డాక్టరు తప్పనిసరి. ఉస్మానియా మానసిక వైద్య విభాగం, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ అందుకే ఉన్నాయి. వైట్‌నర్ పీల్చే చిన్నపిల్లల సమస్య వేరు. 2019 జాతీయ సర్వేలో పీల్చే మత్తు పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. ఆ పిల్లలకు ముందు కావాల్సింది తిండి, బడి, పడుకోవడానికి చోటు.

మాట ఒక్కటే చాలదు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రకటించిన ‘సేఫర్’ కార్యక్రమంలో క్లుప్త కౌన్సెలింగ్ ఐదు చర్యల్లో ఒకటి. అమ్మకాలపై అదుపు, తాగి నడపడంపై చట్టం, ప్రకటనలపై నిషేధం, ధర పెంచడం మిగతా నాలుగు. ఖజానా మద్యం మీద ఆధారపడినంత కాలం ఆ నాలుగూ మెల్లగానే నడుస్తాయి. ఐదోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పాతబస్తీలో పనిచేసే ప్రతి డాక్టరూ, నర్సూ, లెక్చరరూ ముప్పై ఏళ్ల లోపు యువకుడు ఎదుట కూర్చున్నప్పుడు తలుపు మూసి, గొంతు పెంచకుండా, ‘తాగుతావా, ఎంత?’ అని అడగాలి. అడగడం ఎలాగో తెలియని తల్లిదండ్రులు మత్తు విముక్తి సాయం కోసం 14446కు, మానసిక సలహా కోసం టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.